ఆంధ్ర పితామహుడు మాడపాటి హనుమంతరావు

హైదరాబాదు నగరమునకు తూర్పున ఉప్పల్, నాచారం అను ప్రాంతములు గలవు. 2007వ సంవత్సరమున అవి హైదరాబాదు మహానగరపాలక సంస్థలో చేరినవి. వీధిదీపము మొదలు మురుగుకాలువ వరకు ప్రజల అవసరములను గూర్చి సభ్యులు సమావేశమై, చర్చించి, తీర్మానించుట నగరపాలనమునందలి పద్ధతి. 1951లో హైదరాబాదు మేయరై అట్టి సభకు అధ్యక్షత వహించినవారు మాడపాటి హనుమంతరావుగారు. అంతకు ముప్పది యేండ్లకు ముందు అదే నగరమున జరిగిన యొక సభలో తెలుగువాడు తన భాషలో మాటాడుటకే నోచుకొనలేదు. ఆ సభ మొదలు ఈ సభ వరకు సాగిన కృషియే ఆయన జీవితము.

హనుమంతరావుగారు 1885 జనవరి 22న కృష్ణాజిల్లా నందిగామ తాలూకాలో జన్మించిరి. సూర్యాపేటలో మేనమామ యింట పెరిగిరి. ఉర్దూ, పారసీ భాషలను శ్రద్ధతో నేర్చిరి. హనుమకొండలో కొంతకాలము ప్రభుత్వోద్యోగము చేసి, పిదప న్యాయవాదియై హైదరాబాదున స్థిరపడిరి.

1921 నవంబరులో హైదరాబాదున సంఘసంస్కరణ సభ జరిగెను. కర్వే పండితుడు దాని కధ్యక్షుడు. ఇతర భాషలలో ప్రసంగములు సాగుచుండ ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగులో మాటాడ లేచిరి. సభికులు ఎగతాళి చేసి, అల్లరితో ఆయన ప్రసంగమును సాగనీయరైరి. ఆ రాత్రియే కొందరు తెలుగువారు సమావేశమై ఆంధ్రజన సంఘమును స్థాపించిరి. వారిలో హనుమంతరావుగా రొకరు. సంఘకార్యదర్శి భారము ఆయనపై బడెను.

అల్లరికి అల్లరి సమాధానము కాదని ఆయన గ్రహించిరి. వెనుక సంఘబలము లేని మాటను సభలు వినవు. విషయజ్ఞానము లేని సంఘమును అధికారులు లెక్కింపరు. ఆనాడు పల్లెలలో బీదవారు అధికారులకు కూలి లేకయే వెట్టిచాకిరి చేయవలసి వచ్చుచుండెను. దానిని నిషేధించు ప్రభుత్వపు టుత్తరువు లుండియు గ్రామస్థు లెరుగరు. సంఘమువారు వానిని సేకరించి, చిన్న పుస్తకములుగా అచ్చొత్తించి, ఊరూర పంచిరి. ఉత్తరువు చేత బట్టినవాని మాటకు బలము వచ్చెను.

సభ జరుపుటకు సైతము ప్రభుత్వానుమతి కావలసిన కాలమది. అనుమతులకై ఓపికతో శ్రమించి, 1930 మార్చిలో జోగిపేటయందు ప్రథమాంధ్ర మహాసభను జరిపిరి. సురవరం ప్రతాపరెడ్డిగారు దాని కధ్యక్షులు. 1935లో సిరిసిల్ల మహాసభకు హనుమంతరావుగారే అధ్యక్షత వహించిరి. బాలికలకు తెలుగున విద్య నేర్పుటకై నారాయణగూడలో నెలకొన్న పాఠశాలకు ఆయన ప్రాణము వంటివారు.

అందరును ఆయన మార్గమును మెచ్చలేదు. విన్నపములతో రైతుల కష్టములు తీరవని యువకులు తలచిరి. 1944లో రావి నారాయణరెడ్డిగారి అధ్యక్షతన జరిగిన భువనగిరి సభతో మహాసభ రెండుగా చీలెను. తాము పెంచిన సంస్థ చీలినను హనుమంతరావుగారు ప్రజాసేవను మానలేదు.

1955లో ఆయనకు పద్మభూషణ బిరుదము లభించెను. 1958 మొదలు 1964 వరకు ఆంధ్రప్రదేశ్ శాసనమండలికి అధ్యక్షులుగా నుండిరి. 1970 నవంబరు 11న దివంగతులైరి.

ఒకనాడు తెలుగుమాటకు తావీయని నగరమున, ఎవరెవరు ఎప్పుడు మాటాడవలెనో నిర్ణయించు పీఠమును ఆయన యలంకరించిరి. ఆ గౌరవము బిగ్గరగా నరచుటచే వచ్చినది కాదు. తెలిసికొని మాటాడుటచే, పదిమందిని కలుపుకొని నడచుటచే వచ్చినది.