కూలివాని మాట నేర్చిన పండితుడు

విలియం కేరీ 1761వ సంవత్సరమున ఇంగ్లండు దేశమందలి పాలర్స్‌పరీ గ్రామమున జన్మించెను. చెప్పులు కుట్టి జీవించుచునే లాటిను, గ్రీకు, హెబ్రీ భాషలను అభ్యసించెను. 1793లో ఓడ ప్రయాణమందే తోటి మిషనరీయైన జాన్ థామస్ యొద్ద బెంగాలీ నేర్చుకొన నారంభించెను. నవంబరులో కలకత్తా చేరి, రామ్‌రామ్ బసు అను పండితుని మున్షీగా పెట్టుకొనెను.

పరభాష నేర్చుకొనువానికి మొదట అలవడునది వ్యాకరణము కాదు, కొన్ని సిద్ధవాక్యములు. క్షేమమడుగుట, వెలయడుగుట, దారియడుగుట మొదలైన వాటిని విడదీసి గ్రహింపకమునుపే అతడు గుక్కతిప్పక పలుకును. పిదప వాటిలో ఒక మాట తీసి వేరొకటి పెట్టి చూచుకొనుచు భాష యొక్క కట్టడిని తెలిసికొనును. అయితే ఎవరి నోట విని నేర్చెనో వారి భాషయే అతనికి వచ్చును. కేరీకి ఈ సంగతి కష్టముమీద బోధపడెను.

1794 నుండి అతడు మాల్దా ప్రాంతమందలి మదనాబాటిలో నీలిమందు కర్మాగారమును చూచుకొనుచు, చుట్టుపట్ల గ్రామములలో సువార్త ప్రకటించెను. కొంతకాలమునకు గంటసేపు ధారాళముగా ప్రసంగింపగలిగెను. చదువుకొన్నవారు చక్కగా గ్రహించిరి; బీద కూలివారికి మాత్రము బహు కొద్దియే అర్థమాయెను. ఎవరికొరకు సముద్రము దాటి వచ్చెనో వారిలో అనేకులకు ఆ వర్తమానము అందలేదు. అతడు వారి అజ్ఞానమును నిందింపక, తన భాషలోని కొరతను ఒప్పుకొనెను.

1800లో కేరీ శ్రీరాంపురము చేరెను. 1801లో బెంగాలీ క్రొత్త నిబంధన వెలువడెను. ఆ యేడే ఫోర్టు విలియం కళాశాలలో, కంపెనీ కొలువునకు వచ్చిన యువకులకు బెంగాలీ బోధించు పని అతనికి లభించెను. వారికొరకు అతడు ప్రచురించిన పుస్తకమే ‘కథోపకథన్’. అందు ఒక పుటలో బెంగాలీ సంభాషణము, ఎదుటి పుటలో దాని ఆంగ్లము. అప్పిచ్చువాడు, అప్పు తీసికొనువాడు, కూలివాడు, జాలరి, బిచ్చగాడు, జగడమాడు స్త్రీలు ఎవరి వాడుకలో వారు అందు మాటలాడుదురు. వాటిని స్వయముగా కల్పింపక, తెలివిగల దేశీయులచేత వ్రాయించెను. మోటుమాటలను సయితము తీసివేయలేదు. పాలింప వచ్చిన యువకులు పాలితుల పలుకులనే వల్లెవేయవలసివచ్చెను.

1814లో తెలుగు వ్యాకరణమును సహితము ప్రకటించిన కేరీ 1834 జూన్ 9న ప్రభువునందు నిద్రించెను.

ప్రార్థన నేర్పుమని శిష్యులడిగినప్పుడు ప్రభువు వారికి చెప్పవలసిన మాటలనే నేర్పెను. నేర్చుకొన్న మాటలతో ఆరంభించుట సిగ్గుపడదగినది కాదు. అయితే మన మాట పండితులకే తెలిసి, వాకిట నిలిచిన కూలివానికి తెలియకున్నయెడల, కేరీవలె మరల నేర్చుకొన గూర్చుండుట మన విధి.