పురుగుల సారు ఫాబ్రే

మన హాస్టల్ వెనక రాయి తిప్పినా, కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌లో ఎండుటాకులు కదిపినా పెంకు పురుగులు కనబడతాయి. కొన్నిటిని ముట్టుకుంటే చాలు, కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడిపోతాయి. మనం అటు తిరిగితే లేచి ఉరుకుతాయి. అమెరికాలోని సొనోరా ఎడారిలో ఒక నీలం రంగు పురుగుంది. అదైతే వెల్లకిలా పడి, కాళ్లు కట్టెల్లా బిగబట్టుకుంటుంది. ఇది నిజంగా నాటకమేనా అని గడియారం ముందు పెట్టుకుని చూసిన సారు ఒకాయన ఉన్నాడు. ఆయనే జీన్ హెన్రీ ఫాబ్రే.

ఫాబ్రే 1823 డిసెంబరు 21న ఫ్రాన్సు దేశంలో సెయింట్ లియోన్స్ అనే పల్లెలో పుట్టాడు. ఇంట్లో తిండికే కష్టం. చిన్నప్పుడు కొండ మీద తాత, నానమ్మల దగ్గర పెరిగాడు. తండ్రి ఏ వ్యాపారం పెట్టినా నష్టమే. చదువు ఆగిపోయింది. సంతలో నిమ్మకాయలు అమ్మాడు, రైలు పట్టాల దగ్గర కూలి చేశాడు. అయినా పుస్తకం వదల్లేదు. అవిన్యోన్ పట్టణంలో టీచర్ ట్రైనింగ్ పరీక్ష రాసి ఫస్టు వచ్చాడు. ఫీజు లేకుండా సీటు దొరికింది. చదువయ్యాక పంతులు అయ్యాడు.

పువ్వు కాయ ఎట్లా అవుతుందో ఆడపిల్లలకు పాఠం చెప్పాడని ఊరి పెద్దలు కొందరు గొడవ చేశారు. ఉద్యోగం పోయింది, అద్దె ఇల్లూ పోయింది. అప్పుడు పుస్తకాలు రాసి పిల్లల్ని సాకాడు. 1879లో సెరీన్యాన్‌లో రాళ్లూ ముళ్లూ ఉన్న బీడు భూమి కొన్నాడు. పంటకు పనికిరాని ఆ నేలే పురుగులకు స్వర్గం, ఆయనకు ప్రయోగశాల.

సముద్రపు ఒడ్డున ఉండే ఒక పెద్ద నల్ల పురుగును బల్ల మీద వెల్లకిలా వేశాడు. సుమారు 20 నిమిషాలు కదల్లేదు. ఒక్కోసారి 50 నిమిషాలు కూడా దాటింది. ఈగ వాలితే కాళ్లు వణికాయి. పెద్ద పురుగును పక్కన పెడితే లేచి పారిపోయింది. నాటకమైతే శత్రువు వచ్చినప్పుడే కదా గట్టిగా ఆడాలి! పైగా అది బలమైన వేటగాడు. దాని జాతిలోనే చిన్నదీ బలహీనమైనదీ అయిన పురుగు అంతసేపు పడుకోలేదు. అందుకే ఇది మోసం కాదు, భయానికి ఒళ్లు మొద్దుబారడమే అని ఫాబ్రే తేల్చాడు.

ఆయన చెప్పిందంతా నిలబడలేదు. పిండి పురుగుల్లో ఎక్కువసేపు పడుకునేవే సాలీడు నుంచి ఎక్కువగా బతికాయని 2004లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. అంటే పురుగుకు చావు సంగతి తెలియకపోయినా, ఆ కదలకపోవడమే దాన్ని కాపాడుతుంది. డార్విన్ పరిణామ సిద్ధాంతాన్ని కూడా ఫాబ్రే ఒప్పుకోలేదు. అయినా ఆయన పరిశీలనను డార్వినే మెచ్చుకున్నాడు.

పురుగుల మీద పది సంపుటాలు రాసి, 1915 అక్టోబరు 11న, 91 ఏళ్ల వయసులో ఫాబ్రే కన్నుమూశాడు.

సారు ప్రశ్న అడిగితే మనం కూడా ఆ పురుగులాగే తల వంచుకుని గమ్మున ఉంటాం. పురుగుకు అది ప్రాణరక్షణ, మనకు మాత్రం నష్టం. నిమ్మకాయలమ్మిన పిల్లగాడు అడిగి, చూసి, రాసి ఇంతవాడయ్యాడు. రేపు రాయి తిప్పినప్పుడు పురుగును తొక్కకండి. పక్కన కూర్చుని నిమిషాలు లెక్కపెట్టండి.