ఆలిస్ రాకుమారి

రాజుల బిడ్డలనగానే పట్టుపరుపులు, బంగారు ఉయ్యెలలు, అడుగడుగునకు దాసదాసీజనము మన కన్నులయెదుట మెదలును. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండును పాలించిన విక్టోరియా రాణికి నలుగురు కుమారులు, ఐదుగురు కుమార్తెలు, మొత్తము తొమ్మండుగురు సంతానము. 1858వ సంవత్సరమున మన దేశపు పరిపాలనము ఈస్టిండియా కంపెనీనుండి ఈ రాణి చేతికే మారినది. కావున ఆమె పేరు మన తాతముత్తాతలకు సుపరిచితము. ఆమె బిడ్డలు ఎట్లు పెరిగిరో ఎరిగినవారు మాత్రము అరుదు. ఆ బిడ్డలలో మూడవది ఆలిస్. ఆమె 1843వ సంవత్సరము ఏప్రిల్ 25వ తేదీన లండను నగరమునందలి బకింగ్‌హాము రాజభవనమున జన్మించెను.

తండ్రి ఆల్బర్టు జర్మనుదేశీయుడు. క్రమశిక్షణయందు మిక్కిలి పట్టుదల గలవాడు. బిడ్డల చదువునకు, ఆటలకు, నిద్రకు ఆయనయే వేళలు నిర్ణయించెను. వారికి పెట్టు భోజనము సాధారణ గృహస్థుల భోజనమువంటిదే. ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను భాషలను వారు చిన్ననాటనే నేర్చుకొనిరి.

ఇంగ్లండునకు దక్షిణమున వైట్ అను చిన్న ద్వీపము కలదు. అచ్చట ఆస్‌బర్న్ అను తావున రాజకుటుంబమునకు ఒక భవనముండెను. ఆ తోటలో 1854వ సంవత్సరము నాటికి పిల్లలకొరకు స్విట్జర్లండు పల్లెయిండ్ల పోలికగా ఒక కొయ్యయిల్లు నిర్మింపబడెను. అందు నిజమైన వంటగది యుండెను. రాకుమార్తెలు అచ్చట తమ చేతులతో పిండి పిసికి, రొట్టెలు కాల్చి, తల్లిదండ్రులను అతిథులుగా పిలిచి వడ్డించుచుండిరి. ఇంటిప్రక్కన ఒక్కొక్క బిడ్డకు కొన్ని కూరమడులు, వారివారి పేర్ల మొదటి అక్షరములు వ్రాసిన చిన్నపారలు, తోపుడుబండ్లు ఉండెను. పండించిన కూరగాయలను తండ్రి అంగడిధరకే కొనెడివాడు. రాజుగారి బిడ్డలని అంగడిధరకు మించి ఒక కాసైనను ఇచ్చెడివాడు కాడు!

ఆలిస్ చిన్ననాటినుండియు కోటగోడల ఆవలి మనుష్యుల బ్రతుకెట్టిదో తెలిసికొన గోరెడిది. స్కాట్లండులోని బాల్మొరాల్ ఎస్టేటునందలి సేద్యగాండ్ర గుడిసెలకు పోయి, వారి కష్టసుఖములు విచారించెడిది. ఒకమారు విండ్సరు ప్రార్థనామందిరమున తన శిక్షకురాలి కన్నుగప్పి, సామాన్యజనులు కూర్చుండు బల్లమీదికి పోయి కూర్చుండెను. క్రిమియా యుద్ధకాలమున, పదునొకండేండ్ల వయస్సున, తల్లితోను అక్కతోను కలసి లండను ఆసుపత్రులలోని గాయపడిన సైనికులను దర్శించెను.

1861వ సంవత్సరము ఆ కుటుంబమునకు దుర్భరమైనది. మార్చినెలలో అమ్మమ్మ మరణించెను. ఆమె కడపటి దినములలో ఆలిస్ చెంతనుండి పరిచర్య చేసెను. డిసెంబరులో తండ్రి రోగగ్రస్తుడయ్యెను. వైద్యులు అది టైఫాయిడు జ్వరమనిరి. పదునెనిమిదేండ్ల ఆలిస్ పగలనక రేయనక తండ్రి మంచమును విడువలేదు. గది వెలుపల కన్నీరు తుడుచుకొని, లోపల ప్రశాంతముగా నుండెడిది. డిసెంబరు 14వ తేదీన ఆల్బర్టు కన్నుమూసెను. రాణి దుఃఖముచే ఎవ్వరికిని ముఖము చూపకుండగా, మంత్రులకును తల్లికిని నడుమ నిలిచి రాచకార్యములు జరుగునట్లు చూచినది ఈ బాలికయే.

మరుసటి యేడు జూలై 1వ తేదీన జర్మనుదేశపు హెస్సీ సంస్థాన రాకుమారుడగు లూయీతో ఆమెకు వివాహమయ్యెను. మంగళవాద్యములు లేవు, ఊరేగింపు లేదు. ఆస్‌బర్న్‌లోని భోజనశాలయే కల్యాణవేదిక. పెండ్లివేళకు మాత్రము తెల్లనివస్త్రములు ధరించి, మరల ఆమె నల్లనివి కట్టుకొనవలసి వచ్చెను.

హెస్సీ సంస్థానమున ఐశ్వర్యము స్వల్పము. రాజధానియగు డార్మ్‌స్టాట్ పట్టణమున ఆలిస్ ఒకనాడు, తానెవరో తెలియనీయక, ఒక పేద బాలింత యింటికి పోయెను. పడక సవరించి, వంట చేసిపెట్టి, పసిబిడ్డను కడిగెను. కొయ్యయింట నేర్చిన వంట అచ్చట నిట్లు అక్కరకు వచ్చెను.

1866లో ప్రష్యాకు, ఆస్ట్రియాకు యుద్ధము వచ్చెను. హెస్సీ ఆస్ట్రియా పక్షము. ఆలిస్ పెద్దక్కయగు విక్టోరియా ప్రష్యా యువరాజునకు భార్య. ఒకే కొయ్యయింట ఆడుకొన్న అక్కచెల్లెండ్ర భర్తలు ఎదురెదురు పక్షముల నిలిచిరి! నిండుచూలాలైన ఆలిస్ ఇరువురు కుమార్తెలను ఇంగ్లండునకు పంపి, తాను ఊరు విడువక, గాయపడినవారికొరకు కట్లు సిద్ధము చేయించెను. భర్త యుద్ధభూమియందుండగనే మూడవ కుమార్తె జన్మించెను. ఆ బిడ్డకు ఐరీన్ అని పేరిడిరి. గ్రీకు భాషలో ఆ మాటకు శాంతి యని అర్థము.

యుద్ధమున ఆమె కనులార చూచిన దేమన, శిక్షణ గల పరిచారికల కొరత. అందుచే 1867లో స్త్రీలకు రోగుల సేవయందు తరిఫీదునిచ్చుటకై ఒక సంఘమును స్థాపించెను. పరిచర్యావిద్యకు మార్గదర్శినియైన ఫ్లోరెన్సు నైటింగేలు సలహాలను కోరి తెప్పించుకొనెను. రాకుమార్తె వైద్యవిషయములలో తలదూర్చుట తల్లియగు రాణికి రుచింపలేదు. ఆలిస్ మాత్రము వెనుదీయలేదు. 1870లో ఫ్రాన్సుతో యుద్ధము వచ్చినప్పుడు ఆ శిక్షణ ఫలించెను. మరల గర్భవతియైయుండియు ఆమె ఆసుపత్రులకు పోవుచు, జర్మను సైనికులనక ఫ్రెంచి బందీలనక సమముగా చూచెను.

ఆ యేట పుట్టిన ఫ్రెడరికునకు రక్తము గడ్డకట్టని వ్యాధి యుండెను. ఆలిస్ తమ్ముడు లియోపోల్డునకును అదే వ్యాధి. 1873 మేనెలలో ఆ బాలుడు ఆడుకొనుచు కిటికీనుండి క్రిందపడి, లోపల రక్తస్రావమగుటచే ఆనాడే మరణించెను. వానికప్పటికి మూడేండ్లయినను నిండలేదు.

1877లో లూయీ సంస్థానాధిపతి యయ్యెను. మరుసటి యేడు నవంబరులో కంఠసర్పి వ్యాధి రాజభవనమున ప్రవేశించెను. నేటివలె దానికి టీకా గాని, మందు గాని ఆ కాలమున లేవు. దూరమునకు పంపబడిన ఎలిజబెత్తు తప్ప మిగిలిన బిడ్డలును, భర్తయు మంచమెక్కిరి. పరిచారికల విద్య నితరులకు నేర్పించిన తల్లి తానే వారి పరిచారిక యయ్యెను. నవంబరు 16వ తేదీన నాలుగేండ్ల మేరీ మరణించెను. తక్కిన బిడ్డలు రోగముతో నుండుటచే, ఆలిస్ ఆ వార్తను కొన్ని వారములు తన కడుపులోనే దాచుకొనెను. డిసెంబరు మొదట, పదేండ్ల ఎర్నెస్టునకు చెప్పక తప్పలేదు. వాడు భోరున ఏడ్చెను. అంటువ్యాధియని యెరిగియు, ఆ క్షణమున ఆమె వానిని దగ్గరకు తీసి ముద్దు పెట్టుకొనెను. ఆ ముద్దే వ్యాధి నంటించినదని నాటివారు చెప్పుకొనిరి. కొలదిదినములకే ఆమె పడకనెక్కెను. డిసెంబరు 14వ తేదీన, తండ్రి పోయి సరిగా పదునేడేండ్లు నిండిననాడు, తన ముప్పదియైదవ యేట ఆలిస్ మరణించెను. ఎర్నెస్టు బ్రతికెను.

బ్రతికిన ఆమె కుమార్తెలలో చిన్నది రష్యా చక్రవర్తినియై 1918లో భర్తతోను బిడ్డలతోను విప్లవకారుల చేత హతురాలయ్యెను. పెద్దకుమార్తె కుమారుడు లూయీ మౌంట్‌బాటెను 1947లో మన దేశమునకు కడపటి వైస్రాయిగా వచ్చెను.

ఆలిస్‌ను డార్మ్‌స్టాట్ వెలుపల రోజెన్‌హోయె అను తోటలోని సమాధిమందిరమున ఉంచిరి. శవపేటికపై పుట్టింటి దేశపు జెండాను కప్పిరి. తరువాత బోయెం అను శిల్పి ఆమె ప్రతిమను చెక్కెను. అందు ఆలిస్ శయనించి యున్నది. చేతులలో చిన్నారి మేరీ యున్నది.