ధాన్యకటకమును చూచిన చీనా యాత్రికుఁడు

హ్యూయన్‌త్సాంగ్ ఆంధ్రులకు చేసిన మేలును మనవారు చాలినంత గుర్తింపలేదు. నలందలో శీలభద్రుని కడ యోగాచారమభ్యసించిన యీ చీనా భిక్షువు క్రీ.శ. 640 ప్రాంతమున ధాన్యకటకము చేరెను. పూర్వశైల, అపరశైల విహారములు అప్పటికే నిర్జనములు. అయినను అచ్చట నిలిచి సుభూతి, సూర్యుఁడు అను భిక్షువుల కడ మహాసాంఘికుల అభిధర్మము చదివి, వారికి మహాయానశాస్త్రములు చెప్పెను.

645లో 657 గ్రంథములతో, ఏడు బుద్ధప్రతిమలతో స్వదేశము చేరెను. అతని అనువాదములను శ్లాఘించుచు చక్రవర్తి రచించిన పీఠిక 653లో చాంగాన్ స్తూపమున శిలపై చెక్కఁబడెను. అది నేఁటికిని కలదు. మన శాసనపరిశోధకులు చూడఁదగినది.

మనకు అంతకంటె ముఖ్యమైనది వేఱొకటి. ధాన్యకటకముతో సంబంధముగల భావవివేకుని కరతలరత్నమునకు సంస్కృతమూలము నశించినది. 664లో గతించిన యీ యాత్రికుఁడు 649లో చేసిన చీనా అనువాదమే మిగిలినది. దానినుండియే అయ్యస్వామిశాస్త్రిగారు సంస్కృతమును పునర్నిర్మించి 1949లో ప్రకటించిరి.