యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము - జీవరసాయన విద్య

మహనీయుల చరిత్రములను వ్రాయుట గతించినవారి ప్రీతికొఱకు గాదు, బ్రదికియున్నవారి మేలుకొఱకే. ఈ మహాసభా సంచికకు మేము యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితమును ఎంచుకొనుటకు కారణ మొకటి యున్నది. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో మన పిల్లలు పలువురు ఇంటర్మీడియేటునందు జీవశాస్త్రములను చదివి, వైద్యకళాశాలలో ప్రవేశము దొరకక, జీవరసాయన శాస్త్రము ప్రధానముగా బి.యస్సీ.లో చేరుచున్నారు. చేరిన దినము మొదలుకొని బంధువులు వారిని జాలితో జూతురు. పెండ్లిండ్లలోను పేరంటములలోను ఆ చదువు పేరు చెప్పుటకు తల్లిదండ్రులు సంకోచింతురు. ఆ సంకోచము తగదని చెప్పుటకు ఈ జీవితముకంటె మంచి నిదర్శనము మాకు గానరాలేదు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన గోదావరి సీమలోని భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు; తల్లి వెంకమ్మగారు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న యుద్యోగి. ఇల్లు పెద్దది, రాబడి చిన్నది. బాలుడు మొదట చదువున రాణింపలేదు. పదుమూడేండ్ల ప్రాయమున, కాశికి బోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింతునని ఇల్లు వెడలగా, తల్లి వెనుకకు రప్పించెనని చెప్పుదురు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండు మారులు తప్పి, మూడవ మారు మద్రాసునందలి హిందూ హైస్కూలునుండి ఉత్తీర్ణులైరి. మేము ఉపాధ్యాయవృత్తిలో పెక్కేండ్లు గడపితిమి. ఒక్క పరీక్ష తప్పగానే బాలుని మొద్దుగా నెంచి చదువు మాన్పించిన పెద్దలను ఎందరనో చూచితిమి. అట్టివారు ఈ యొక్క సంగతిని మనసున నిలుపుకొనిన చాలును.

పిమ్మట వారు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివిరి. మనసు సన్న్యాసమువైపు మొగ్గినను తల్లి అంగీకరింపలేదు. ప్రజాసేవకు వైద్యమే తగిన మార్గమని తలచి మద్రాసు వైద్యకళాశాలలో ప్రవేశించిరి. మిత్రులును, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును ధనసహాయము చేసిరి. ఆ మూర్తిగారి కుమార్తె శేషగిరిగారినే 1919లో వివాహమాడిరి. అవి గాంధీమహాత్ముడు విదేశవస్త్ర బహిష్కారమును బోధించుచున్న దినములు. సుబ్బారావుగారు శస్త్రచికిత్సాశాలలో సైతము ఖద్దరు అంగీనే ధరించిరి. శస్త్రవైద్యాచార్యుడగు బ్రాడ్‌ఫీల్డు దొరకు అది రుచింపలేదు. వ్రాతపరీక్షలలో చక్కగా నెగ్గినను, చివరకు వారికి లభించినది ఎం.బి.బి.యస్. పట్టము గాదు, దానికంటె తక్కువదగు ఎల్.ఎం.యస్. మాత్రమే. మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగమును దొరకలేదు. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రమును బోధించుచు కాలము గడపవలసివచ్చెను.

వారి జీవితమును మలుపు త్రిప్పినది ఒక వ్యాధి. ఉష్ణదేశములలో ప్రబలు స్ప్రూ అను గ్రహణీరోగముచే వారి సోదరులు పురుషోత్తముగారును కృష్ణమూర్తిగారును కొలదిదినముల యెడముతో మరణించిరి. తామును అదే రోగమున జిక్కి, లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే కోలుకొనిరి. తిన్న యన్నము ఒంట బట్టక మనుష్యుడు శుష్కించి చచ్చుట యేల? ఆ యన్నములో లోపించినదేమి, దేహములో చెడినదేమి? ఈ ప్రశ్నకు సమాధానము నాటి శస్త్రవైద్యునివద్ద లేదు. అన్నము రక్తమై, రక్తము మాంసమై, మాంసము శక్తియై పరిణమించు క్రమమును అణువు అణువుగా పరిశోధించు శాస్త్రమొకటి కావలెను. అదియే జీవరసాయనము. నాడు తెలుగు బాలునికి దానిని డిగ్రీ చదువుగా నేర్చు మార్గము లేకుండెను. కావుననే వారు సముద్రము దాటవలసివచ్చెను.

ఆ ప్రయాణమునకు ధనమెక్కడిది? మామగారు కొంత యిచ్చిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ తోడ్పాటు నొసంగెను. ఆ నాయకరుగారు కోరంగిలో బుట్టి, రంగూనులో ఓడల వర్తకమున ధనమార్జించి, దానిని విద్యాదానమునకు వ్రాసియిచ్చిన పుణ్యాత్ములు. ఆ దాతయు ఈ విద్యార్థియు ఒక కులమువారు కారు. ఇది మన సంచిక చదువరులు ప్రత్యేకముగా గమనింపవలసిన విషయము. దీనిని గూర్చి తుదిని మరల ముచ్చటింతుము.

1920ల ఆరంభమున బోస్టను నగరము జేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశ వైద్యములో డిప్లొమా పొందిరి. జీవనమునకై ఆసుపత్రిలో రాత్రివేళల రోగుల మలమూత్ర పాత్రలను కడుగు పనిని సైతము చేసిరి. పిమ్మట అచటి జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే అను నాచార్యునివద్ద పరిశోధకులుగా చేరిరి. 1925లో వీరిరువురును రక్తమూత్రములందలి భాస్వరము నెంత యున్నదో కొలుచు పద్ధతిని ప్రకటించిరి. ఆ పద్ధతి మిక్కిలి సుందరమైనది. పరీక్షింపవలసిన ద్రవమునకు మాలిబ్డేటును గలిపి, మఱియొక పదార్థముచే క్షయింపజేసిన, ద్రవము నీలవర్ణమును దాల్చును. భాస్వరమెంత అధికమో నీలిమ యంత గాఢము. ఆ నీలిమను కొలిచి భాస్వరమును గణింతురు. నేటికిని జీవరసాయనమును చదువు విద్యార్థులు ప్రయోగశాలలో ఫిస్కే-సుబ్బారావు పద్ధతి యను పేరుతో దీనిని నేర్చుచున్నారు. భీమవరపు బాలుని పేరు ప్రపంచమునందలి విద్యార్థుల ప్రయోగపుస్తకములకెక్కుట సామాన్యమా?

ఆ నీలవర్ణమే వారిని పెద్ద రహస్యమునకు గొనిపోయెను. కండరము ముడుచుకొనుటకు శక్తి లాక్టికామ్లమువలన గలుగునని నాటి పండితుల సిద్ధాంతము. హిల్, మేయర్‌హాఫ్ అనువారికి కండరములను గూర్చిన పరిశోధనలకే 1922 సంవత్సరపు నోబెలు బహుమానము లభించియుండెను. కండరములోని భాస్వరమును కొలుచుచుండగా, నీలవర్ణము రావలసిన వేగమున రాక, మెల్లమెల్లగా వచ్చుటను ఫిస్కే సుబ్బారావుగారలు గమనించిరి. ఇతరులైన దానిని పనిముట్టు దోషమని విడిచియుందురు. వీరు విడువలేదు. 1927లో ఆ విలంబమునకు కారణమగు ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును వెల్లడించిరి. అదే కాలమున ఇంగ్లండులో ఎగుల్‌టన్ దంపతులును దానిని స్వతంత్రముగా కనుగొనిరి. కండరము పనిచేయునపుడు ఈ పదార్థము విడిపోవును. విశ్రమించునపుడు మరల గూడుకొనును. 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటు, అనగా ఏ.టి.పి. అను పదార్థమును కనుగొనిరి. జర్మనీలో లోమను పండితుడును అదే యేడు దానిని కనుగొనెను. సకల జీవులయందును శక్తికి నాణెమువంటిదదియే యని తరువాత తేలినది.

శ్రీకాకుళము జిల్లా చదువరులు ఇచట నొక్క నిమిషము నిలువవలెను. కండరమునందలి క్రియాటినులో దినమునకు నూటికి ఒకటి రెండు పాళ్ళు తనంతట తానే క్రియాటినినుగా మారి రక్తమున జేరును. ఆరోగ్యవంతములగు మూత్రపిండములు దానిని వెలికి నెట్టును. అవి చెడినచో అది రక్తమున పేరుకొనును. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో, కొబ్బరితోటల నడుమ కాపురముండు ఉద్దానము రైతులకు క్రియాటినిను అను మాట యిప్పుడు వరిధాన్యపు ధరవలె నోటనానిన మాట. ఒకరినొకరు కలసికొన్నపుడు అంకె యెంతకు వచ్చినదని యడుగుదురు. ఆ యంకెకు మూలమగు క్రియాటిను కండరములో భాస్వరముతో గూడి యుండు తీరును లోకమునకు దెలిపినవారిలో ఒకరు మన తెలుగువారు. క్రియాటినినును కొలుచు విధానమును తీర్చిదిద్దిన ఆటో ఫోలినుగారే ఆనాడు హార్వర్డులో ఆ శాఖకు అధిపతి. పలాసలో మూత్రపిండవ్యాధులకు 2023లో ఆసుపత్రియు పరిశోధనకేంద్రమును వెలసినవి. అయినను ఉద్దానమున ఈ వ్యాధి యేల ప్రబలుచున్నదో కారణమింకను నిర్ధారితము కాలేదు. నీటిలోనో, నేలలోనో, ఎండలోని శ్రమలోనో, రక్తసంబంధములోనో యని పండితులు వెదకుచునే యున్నారు. ఈ వెదకుట జీవరసాయనజ్ఞుల సాయము లేక ముగియునది కాదు. ఆ తోటలలో బుట్టిన బిడ్డయే ఆ పనికి పూనుకొనిన నెంత బాగుండును!

సుబ్బారావుగారు 1930లో డాక్టరేటు పొందిరి. అయినను హార్వర్డులో వారికి స్థిరమగు నాచార్యపదవి లభింపలేదు. ఫిస్కే యసూయచే వారి పరిశోధనలు కొన్ని వెలికి రాలేదని, తరువాత నోబెలు బహుమానమందిన హిచ్చింగ్సు పండితుడు తెలిపెను. 1940లో వారు న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివరునందలి లెడర్లీ ఔషధ పరిశోధనశాలకు మారిరి. అచట వారి నాయకత్వమున ఎనిమిదేండ్లలో జరిగిన పని యొక జీవితకాలమునకు మించినది.

మొదటిది ఫోలికామ్లము. కాలేయములో అత్యల్పముగా నుండు ఈ విటమినును వేఱుచేసి, 1945లో ప్రయోగశాలలో నిర్మించిరి. అది తమ సోదరులను బలిగొన్న స్ప్రూ రోగమునకు, తత్సంబంధమగు రక్తహీనతకు మందాయెను. మన పల్లెలలో ప్రాథమికారోగ్య కేంద్రమున గర్భిణులకు ఇనుముతో గూర్చి యిచ్చు మాత్రలో నున్నది ఈ ఫోలికామ్లమే. రెండవది, ఫోలికామ్లమును పోలియుండి దాని పనిని అడ్డగించు పదార్థములు. అందొకటగు అమినోప్టెరినును బోస్టనులో ఫార్బరు వైద్యుడు రక్తపు క్యాన్సరుతో బాధపడు బాలుర కిచ్చి, కొందఱికి తాత్కాలికముగానైన ఉపశమనము గలిగెనని 1948లో ప్రకటించెను. దాని సోదరియగు మెతోట్రెక్సేటు నేటికిని క్యాన్సరునకును కీళ్ళవాతమునకును వాడుకలో నున్నది. మూడవది ఆరియోమైసిన్, డగ్గరు అను వృద్ధశాస్త్రజ్ఞుడు వీరి పరిశోధనశాలలో మట్టినుండి కనుగొనిన ఈ మందు టెట్రాసైక్లినులలో మొదటిది.

నాల్గవది మన సీమకు మఱింత దగ్గఱిది. 1947లో వీరి పరిశోధనశాలనుండి హెట్రజాను అను పేర వెలువడిన డై-ఇథైల్-కార్బమజీను బోదకాలు వ్యాధికి మందు. ఉత్తరాంధ్రమున బోదకాలు నెఱుగని యూరుండెడిది కాదు. దాని క్రిములు రాత్రివేళనే రక్తమున సంచరించును గనుక, ఆరోగ్యశాఖవారు ప్రొద్దుగ్రుంకిన పిమ్మట ఇంటింటికి వచ్చి వ్రేలినుండి నెత్తురు చుక్క దీసెడివారు. 2004 మొదలు దేశమున బోదకాలు సీమలన్నిట ఏటికొకమారు మింగించుచు వచ్చిన మాత్ర ఇదియే. దానిని మింగినవారిలో దాని కర్త తెలుగువాడని యెఱిగినవారెందఱు?

ఇంతటి కీర్తికి వారు చెల్లించిన మూల్యము చిన్నది కాదు. అమెరికాకు పోయిన పిమ్మట స్వదేశమునకు తిరిగి రాలేదు. భార్య ఇచటనే యుండిపోయెను. కొడుకు పసితనముననే మరణించెను. ఆ బిడ్డ ముఖమును తండ్రి చూడలేదు. నోబెలు బహుమానము రాలేదు. 1948 ఆగస్టులో, ఏబదిమూడేండ్ల వయసున, పెర్ల్ రివరులో నిదురలోనే కన్నుమూసిరి. 1953లో ఒక శిలీంధ్రమునకు సుబ్బరోమైసిస్ అని వారి పేరు పెట్టిరి. 1995లో శతజయంతికి మన ప్రభుత్వము తపాలాబిళ్ళను వెలువరించెను. మేము ఈ కష్టములను దాచి వ్రాయుటలేదు. విద్యార్థులు మార్గపు ముండ్లనుగూడ నెఱిగియే నడువవలెను.

ఇక నేటి బి.యస్సీ. విషయము. ఈ చదువున పిండిపదార్థములు, మాంసకృత్తులు, క్రొవ్వులు, ఎంజైములు, జన్యువులు, దేహమందలి రసాయనక్రియల శృంఖలలు నేర్పుదురు. ఇది వైద్యము కాదు. దీనిని ముగించినవాడు రోగికి మందు వ్రాయరాదు. రసాయన శాస్త్రమునందు పునాది గట్టిగా లేనివాడు ఇందు రాణింపడు. మూడేండ్లతో ఆగినవారికి పెద్ద జీతములును సాధారణముగా రావు. అయినను పైడిభీమవరమువంటి పారిశ్రామిక ప్రదేశములందలి ఔషధ కర్మాగారముల పరీక్షాశాలలలో పని దొరకును. యం.యస్సీ.కి విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయమున జీవరసాయన శాఖ కలదు. సుబ్బారావుగారు ఖండాంతరము పోయి సంపాదించిన శాస్త్రము నేడు బస్సెక్కి పోవు దూరమున నున్నది. వైద్యుడు ఒక్కొక్క రోగిని బ్రదికించును. మందు కనుగొనినవాడు తా నెన్నడు చూడని లక్షలమందిని బ్రదికించును. కావున ఈ చదువును వైద్యమునకు ఎంగిలియని చూచుట అవివేకము.

చివరగా సంఘ పెద్దలకు ఒక మనవి. సుబ్బారావుగారు మనవారని ఈ సభలో చెప్పుకొని సంతోషించుట సులభము. కాని సంకటసమయమున వారికి చేయూతనిచ్చినవారిలో ఒకరు మనవారు కారు. సత్యలింగ నాయకరుగారి ధర్మము ఆ విద్యార్థి కులమును చూడలేదు; తృష్ణను చూచెను. ఆ ఋణమును మనము తీర్పకుండ ఆ కీర్తిని మాత్రము పంచుకొనుట న్యాయము గాదు. మహాసభలో ప్రతిసంవత్సరము దండలకును శాలువలకును వెచ్చించు ధనములో కొంత దీసి, జీవరసాయనాది శాస్త్రములను చదువు బీదపిల్లలకు విద్యార్థివేతనముగా నేర్పఱుప వేడెదము. అందొకటి యైన, ఏ కులమువారని యడుగక, ఉద్దానపు బిడ్డకు ఇండు. సుబ్బారావుగారిపట్ల మన ఋణము కొంతయైన తీరును. మన బిడ్డలకు విద్యయు, మన సీమకు ఆరోగ్యమును వర్ధిల్లుగాక.