సర్మద్ కషానీ

సర్మద్ కషానీ (మరణం: 1661) పదిహేడవ శతాబ్దికి చెందిన పారశీక కవి, తత్వవేత్త, దిగంబర ఫకీరు. యూదు కుటుంబంలో జన్మించి, ఇస్లాం స్వీకరించి, వర్తకుడుగా భారతదేశానికి వచ్చి, సర్వసంగ పరిత్యాగియై, ఔరంగజేబు పాలనలో ఢిల్లీలో శిరచ్ఛేదానికి గురయ్యాడు. ఈయన జీవితంలో హైదరాబాదు నివాసం ఒక ముఖ్య ఘట్టం. యూదుల సినగాగులలో (సమాజమందిరాలలో) ఏటా మొదటగా చదివే తోరా భాగం ఆ నివాసం మూలంగానే ఒక పారశీక గ్రంథంలో చోటుచేసుకొన్నది.

జననం, విద్య

సర్మద్ ఇరాన్‌లోని కషాన్ పట్టణానికి చెందినవాడు. ఆర్మేనియా దేశస్థుడని వ్రాసినవారూ ఉన్నారు. పూర్వీకులు యూదు మతాచార్యులు (రబ్బీలు). హెబ్రీ గ్రంథాలను అభ్యసించిన పిమ్మట ఇస్లాం స్వీకరించి ముహమ్మద్ సయీద్ అనే పేరు పొందాడు. ప్రసిద్ధ తత్వవేత్తలు ముల్లా సద్రా, మీర్ ఫిందిరిస్కీల వద్ద శాస్త్రాలు నేర్చాడు. సర్మద్ అనేది కవితా నామం. శాశ్వతుడు అని దాని అర్థం.

వర్తకం నుండి వైరాగ్యానికి

1630 దశకం తొలినాళ్ళలో సముద్రమార్గాన సింధు ప్రాంతంలోని థట్టా నగరానికి వచ్చాడు. అక్కడ అభయ్‌చంద్ అనే హిందూ యువకునిపై గాఢమైన అనురాగం కలిగి, ఆస్తిని, చివరకు వస్త్రాలను కూడా త్యజించాడు. అభయ్‌చంద్ తండ్రి మొదట అభ్యంతరపెట్టినా తరువాత సమ్మతించాడు. అభయ్‌చంద్ ఈయనకు శిష్యుడై తోరాను, కీర్తనల గ్రంథాన్ని చదువుకొన్నాడు. ఇరువురూ లాహోరు మీదుగా దక్కను చేరుకొన్నారు.

హైదరాబాదులో

అప్పుడు గోల్కొండ రాజ్యాన్ని అబ్దుల్లా కుతుబ్ షా పాలిస్తున్నాడు. లాల్‌దర్వాజా మొదలైన ద్వారాలతో కూడిన నగర ప్రాకారం 18వ శతాబ్దిలో వెలసినది. కనుక సర్మద్ చూచినది చార్మినారు చుట్టూ విస్తరించిన, గోడ లేని హైదరాబాదు. సుల్తాను పేష్వా షేక్ ముహమ్మద్ ఖాన్ ఈయనను ఆదరించాడు.

వివిధ మతాలను వివరించే దబిస్తాన్-ఎ-మజాహిబ్ అనే పారశీక గ్రంథ రచయిత 1647లో హైదరాబాదులో సర్మద్‌ను కలిశాడు. అంతవరకు ఆ రచయితకు యూదు పండితులతో పరిచయం లేదు. యూదుల విశ్వాసాలపై ఆ గ్రంథంలోని అధ్యాయానికి సర్మద్ చెప్పిన విషయాలే ఆధారం. అభయ్‌చంద్ పారశీకంలోనికి అనువదించిన ఆదికాండము తొలి భాగాన్ని రచయిత సర్మద్ సహాయంతో సరిచూచి అందులో చేర్చాడు.

ఆ భాగం సృష్టి ఆరంభం నుండి నోవహు ప్రస్తావన వరకు, అనగా ఆరవ అధ్యాయం ఎనిమిదవ వచనం వరకు ఉన్నది. సినగాగులలో తోరాను భాగాలుగా విభజించి ఏడాది పొడవునా ప్రతి శనివారం (విశ్రాంతి దినం) పఠిస్తారు. పర్ణశాలల పండుగ ముగిసిన వెంటనే వచ్చే సిమ్హత్ తోరా పండుగనాడు పారాయణం ముగించి, తిరిగి మొదటి నుండి ప్రారంభిస్తారు. ఆ తరువాతి శనివారం చదివే బెరేషీత్ భాగం సరిగ్గా ఆ వచనంతోనే ముగుస్తుంది. సంప్రదాయం ప్రకారం ఈ సామూహిక పఠనానికి కనీసం పదిమంది వయోజన పురుషులు ఉండాలి. హైదరాబాదులో మాత్రం ఆ పాఠాన్ని గ్రంథస్థం చేయడానికి కూడినవారు ముగ్గురే: మతం మారిన యూదుడు, ఆయన హిందూ శిష్యుడు, ఒక పారశీక రచయిత.

ఢిల్లీ నివాసం, మరణం

అనంతరం సర్మద్ ఢిల్లీ చేరి షాజహాన్ పెద్దకుమారుడైన దారా షికోహ్ అభిమానాన్ని పొందాడు. ఫ్రెంచి యాత్రికుడు బెర్నియర్ ఈయనను ఢిల్లీ వీధులలో చూచినట్లు వ్రాశాడు. వారసత్వ యుద్ధంలో ఓడిన దారాను 1659లో వధించారు. తరువాత సర్మద్‌పై విచారణ జరిగింది. దిగంబరత్వం ఒక నేరం కాగా, కలిమాలో దేవుడు లేడనే అర్థమిచ్చే తొలి పదాల వద్దనే ఆగిపోవడం మరొకటి. తానింకా నిరాకరణ దశలోనే ఉన్నానని, మిగిలినది పలికితే అసత్యమవుతుందని ఈయన సమాధానమిచ్చినట్లు చెబుతారు. దారాతో స్నేహమే అసలు కారణమని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. 1661లో మరణశిక్ష అమలయింది. ఖండించిన శిరస్సును చేతబట్టి మసీదు మెట్లు ఎక్కాడన్నది జనశ్రుతి మాత్రమే.

రచనలు, స్మృతి

సర్మద్ పేరిట మూడువందలకు పైగా పారశీక రుబాయీలు లభిస్తున్నాయి. దబిస్తాన్‌కు ఆంగ్లానువాదం 1843లో వెలువడినది. మౌలానా అబుల్ కలాం ఆజాద్ యువకుడుగా ఉన్నప్పుడు సర్మద్‌పై ఉర్దూలో వ్యాసం వ్రాశాడు. జామా మసీదు సమీపంలో ఎర్రరంగు వేసిన ఈయన సమాధిని అన్ని మతాలవారూ దర్శిస్తారు.