జపాను జెట్టి రికిడోజాన్

కుస్తీ రెండు విధములు. మొదటిది పందెపు కుస్తీ. గోదాలో దిగిన ఇరువురిలో ఎవడు గెలుచునో దిగినవారికే తెలియదు. రెండవది వినోదముకొరకు ప్రదర్శించు కుస్తీ. ఇందు ఎవడు గెలువవలెనో, ఎవడు ఓడవలెనో, ఎంతసేపటికి ఓడవలెనో ముందుగనే నిర్ణయించుకొందురు. దెబ్బలు నిజమే, ఒక్కొక్కప్పుడు రక్తమును నిజమే, కథ మాత్రము నాటకము. మన వీథినాటకములందువలెనే ఇందును నాయకుని వేషమొకటి, ప్రతినాయకుని వేషమొకటి కలవు. నాయకుడు నియమము తప్పడు. ప్రతినాయకుడు మధ్యవర్తి చూడనపుడు ఎదుటివాని కంట ఉప్పు చల్లును, పండ్లతో కొరుకును, క్రిందపడినవానిని తన్నును. వానిని తిట్టుటకే జనులు టిక్కెట్టు కొందురనిన అతిశయోక్తి కాదు. ఈ వేషములు శాశ్వతములు కావు. నిన్నటి నాయకుడు నేడు ప్రతినాయకుడగును. నిన్న రాళ్లు రువ్వించుకొన్నవాడు నేడు పూలదండలు వేయించుకొనును. ఒక దేశమునకును మరియొక దేశమునకును నడుమ ఈ వేషములను తారుమారు చేసి, యుద్ధములో ఓడిన లక్షలాది జనులచేత జయధ్వానములు చేయించిన జెట్టి యొకడు గలడు. అతడే రికిడోజాన్.

ఇతని అసలు పేరు కిమ్ సిన్‌రాక్. 1924వ సంవత్సరమున కొరియా దేశపు ఉత్తరభాగమున హాంగ్యాంగ్ మండలమునందు జన్మించెను. కొరియా 1910 మొదలు 1945 వరకు జపాను పాలనలో నుండెను. ఆ దేశపు పల్లెలలో సిరుమ్ అను ఒక విధమైన కుస్తీ కలదు. అందు ఈ బాలుని బలమును చూచి జపానువారు కొందరు వానిని తమ సుమో మల్లశాలకు తీసికొనిపోయిరి. 1940లో అతడు సుమో గోదాలో అడుగుపెట్టెను. అచట వానికి ఇచ్చిన పేరే రికిడోజాన్. అందు బలము, మార్గము, పర్వతము అను మూడు మాటలు కలవు. 1946లో మొదటి తరగతి మల్లులలో చేరెను. 1949 నాటికి సెకివాకె అను మూడవ స్థానమునకు ఎక్కెను. ఇంక రెండు మెట్లు మిగిలియుండెను.

ఆ రెండు మెట్లు ఎక్కలేదు. సుమో మల్లునకు తలపై నుండు సిగ వానికి ప్రాణము వంటిది. పదవి విరమించునాడు పెద్దల యెదుట సభచేసి దానిని కత్తిరింతురు. రికిడోజాన్ 1950లో తన సిగను తానే కోసికొని మల్లశాలను వీడిపోయెను. గురువుతో ధనవిషయమై వచ్చిన తగవొకటి, పరదేశీయుడని కొందరు చూపిన చిన్నచూపొకటి, ఈ రెండును దానికి కారణములుగా చెప్పబడుచున్నవి. పిమ్మట కొంతకాలము ఒక కట్టడముల కంపెనీలో పని చేసెను. దేశపు దస్తావేజులలో వాని పేరు మొమోటా మిత్సుహిరో అనియు, స్వస్థలము నాగసాకి మండలములోని ఒమురా అనియు ఎక్కెను. అప్పటినుండి లోకమునకు అతడు జపాను దేశీయుడే. కన్నతల్లి భాష పలుకుట బహిరంగముగా మానెను.

1951లో అమెరికానుండి ఒక కుస్తీ బృందము టోకియో నగరమునకు వచ్చెను. జపాను అప్పటికి ఇంకను అమెరికా సైన్యముల అధీనములోనే యున్నది. ఆ బృందములో హెరాల్డ్ సకాటా అను ఒకడుండెను. ఇతడు జపాను వంశీయుడే కాని హవాయి ద్వీపములలో పుట్టి, 1948లో లండను ఒలింపిక్ క్రీడలయందు బరువులెత్తి అమెరికాకు వెండి పతకము తెచ్చినవాడు. అట్టివాడు అమెరికా కుస్తీ గోదాలో వేయవలసిన వేషమేదో తెలిసికొన్నచో ఈ వృత్తి స్వభావము బోధపడును. జపాను అంగీ తొడిగి, టోష్ టోగో అను పేరు పెట్టుకొని, వంచకుడైన శత్రువుగా నటింపవలెను! అతనితోపాటు అన్నదమ్ములవలె నటించిన గ్రేట్ టోగో అను మరియొకడు అమెరికాలోని ఆరెగాను రాష్ట్రమున పుట్టినవాడే. వంగి వంగి నమస్కారము చేసి, మరుక్షణమున దొంగదెబ్బ కొట్టుట అతని పద్ధతి. యుద్ధమున బిడ్డలను పోగొట్టుకొన్న అమెరికా ప్రేక్షకులు వానిని చూచి పండ్లు కొరుకుచుండిరి.

రికిడోజాన్ ఆ సంవత్సరము అక్టోబరు నెలలో ఈ బృందపు నాయకుడగు బాబీ బ్రన్స్‌తో పది నిమిషములు పోరాడి సమానముగా నిలిచెను. 1952 ఫిబ్రవరిలో హవాయికి పోయి ఈ విద్యను అభ్యసించెను. అచటనుండి శాన్ ఫ్రాన్సిస్కో నగరమునకు పోయెను. ఒక సంవత్సర కాలము అమెరికా గోదాలలో తిరిగిన వానికి తన రూపురేఖలు గలవానికి అచట ఏ వేషము దక్కునో విడమరచి చెప్పనక్కరలేదు. వాని తెలివి అంతయు ఇందే యున్నదని నా తలంపు: కథను మార్పలేదు, గోదాను సముద్రము దాటించెను. జపాను గడ్డపై అదే కథ ఆడినచో తెల్లవాడే ప్రతినాయకుడు కాగలడు.

1953లో స్వదేశమని చెప్పుకొన్న దేశమునకు తిరిగివచ్చి ఒక కుస్తీ సంఘమును స్థాపించెను. ఆ సంవత్సరముననే జపానులో టెలివిజను ప్రసారములు మొదలైనవి. ఫిబ్రవరి 1వ తేదీన ప్రారంభమైననాడు దేశమంతటను నమోదైన యంత్రములు 866 మాత్రమే. ధనవంతులు తప్ప ఇతరులు కొనజాలరు. కావున ఆగస్టులో ఆరంభమైన ఒక ప్రైవేటు కంపెనీ రైలు స్టేషనుల ముంగిళ్లలోను, కూడళ్లలోను యంత్రములను ఎత్తుగా నిలిపి జనులకు ఉచితముగా చూపసాగెను.

1954 ఫిబ్రవరి 19వ తేదీన, టోకియోలోని కురమాయె మల్లశాలలో, అమెరికానుండి వచ్చిన బెన్ షార్ప్, మైక్ షార్ప్ అను సోదరులతో రికిడోజాన్, కిమురా మసాహికో అనువారు జంటగా తలపడిరి. ఆ సోదరులు ఇంచుమించు ఆరున్నర అడుగుల నిలువెత్తు మనుష్యులు. కిమురా జూడో విద్యలో జపానునకు తలమానికము. 1951లో బ్రెజిలు దేశమునకు పోయి అచటి ప్రసిద్ధ యోధుడైన ఎలియో గ్రేసీని ఓడించి వచ్చినవాడు. కాని ఆ రాత్రి వానికి ఇచ్చిన వేషము దెబ్బలు తినువానిది. సోదరులిద్దరును వానిని మూల కొత్తి హింసింతురు. ప్రేక్షకులు ఇంక ఓర్వలేరనగా రికిడోజాన్ త్రాళ్లు దాటి లోపలికి దూకును. అరచేతి అంచుతో రొమ్ముపై కొట్టు వాని దెబ్బకు అంతటి భీమకాయులును తూలి వెనుకకు పడుదురు. షింబాషి స్టేషను ముంగిట ఒక్క టెలివిజను పెట్టె చుట్టును చేరినవారు ఇరువదివేలమందియని చెప్పుదురు. అమెరికా సైన్యముల అధికారము తొలగి అప్పటికి రెండేండ్లు కూడ నిండలేదు. బియ్యము కొరకు వరుసలలో నిలిచినవారు, కాలిన యిండ్లను మరల కట్టుకొన్నవారు, పెద్దవాడు తూలిపడుట చూచి పసిపిల్లలవలె ఎగిరిరి.

ఇచట ఒక విషయము గమనింపదగినది. ఆ రాత్రి జపాను వీరుడుగా వెలిగినవాడు కొరియావాడు. అమెరికా దుష్టులుగా తిట్లు తిన్న సోదరులు కెనడా దేశస్థులు. గోదాలో నున్న నలుగురిలో జపాను బిడ్డ ఒక్కడే. ఓడి నేలగరచుటయే వాని పాత్ర. సంవత్సరాంతమువరకు ఆ పాత్రను భరించిన కిమురాకు విసుగు పుట్టెను. నిజమైన పోరు జరిగినచో తానే గెలుతునని పత్రికవారితో చెప్పెను.

దాని ఫలముగా 1954 డిసెంబరు 22వ తేదీన అదే మల్లశాలలో వీరిరువురికి పోటీ ఏర్పడెను. పోరు సమానముగా ముగియవలెనని ముందే ఒడంబడిక జరిగినదని కిమురా తరువాతి కాలమున వ్రాసియున్నాడు. కొంతసేపు అంతయు నాటకరీతినే సాగెను. పిమ్మట కిమురా కాలు వాని పొత్తికడుపు క్రింద తగిలెను. అది ఒడంబడికకు భంగమని రికిడోజాన్ పక్షము. ఏది యెట్లున్నను ఆ క్షణమునుండి వాని చేతులు నటించుట మానినవి. చెంపలపై, మెడపై, తలపై నిజమైన దెబ్బలు పడినవి. క్రిందపడినవానిని తన్నుటయు జరిగెను. కిమురా లేవలేదు. గోదాపై రక్తము చిమ్మెను. కేకలు వేయవలసిన జనులు నోట మాట లేక చూచిరి.

ప్రతినాయకుడు ఏమేమి చేయునని మొదట చెప్పితినో వానిలో కొన్నిటిని ఆనాడు నాయకుడే చేసెను. అదియు నటన కాదు. ఐనను వాని కీర్తికి భంగము రాలేదు. జపాను దేశపు ప్రథమ మల్లశ్రేష్ఠుడను బిరుదు వానికే దక్కెను. ముందుగా వ్రాసికొన్న కథలో ఎవరికి మేలు చేసిరో, ఎవరికి కీడు చేసిరో తేలికగా తెలియును. ఈ పోరులో నాకు ఇప్పటికిని తెలియుట లేదు. కిమురా 1993 వరకు జీవించెను. ఆ రాత్రిని మరువలేదని వాని వ్రాతలే చెప్పుచున్నవి.

అటుపిమ్మట రికిడోజాన్ ఉచ్చదశ. 1955లో కింగ్ కాంగ్ అను మహాకాయుని గెలిచి ఆసియా బిరుదము పొందెను. మన దేశమున దారా సింగుతో తలపడిన కింగ్ కాంగ్ ఇతడే. పెద్దవారిలో ఆ పేరు వినినవారు ఉందురు. 1957 అక్టోబరులో ప్రపంచ మల్లశ్రేష్ఠుడైన లూ థెజ్‌తో అరువది నిమిషములు పోరాడి సమానముగా నిలిచెను. నాటి టెలివిజను ప్రేక్షకులలో నూటికి 87 మంది దానిని చూచిరని లెక్క. థెజ్ దొంగదెబ్బలు కొట్టువాడు కాడు. రికిడోజాన్ తన అతిథులలో నీతిమంతులకును చోటిచ్చెననుటకు ఇది నిదర్శనము. తనకంటె పెద్దవానితో సమానుడనిపించుకొనుట వానికి కావలెను.

దుష్టుల కొరత మాత్రము లేకుండెను. 1962లో ఫ్రెడ్ బ్లాసీ అను అమెరికావాడు వచ్చెను. ఆకురాయితో పండ్లను పదును పెట్టుకొనుచున్నట్లు అందరియెదుట నటించి, గోదాలో ఎదుటివాని నుదుటిని కొరుకుట వాని విద్య. ఆ రక్తమును ఇంట టెలివిజనులో చూచి కొందరు వృద్ధులు గుండె ఆగి మరణించిరని నాటి పత్రికలు వ్రాసినవి. అట్టి బ్లాసీయే కాలక్రమమున జపాను స్త్రీని వివాహమాడి 2003లో మరణించువరకు ఆమెతో కాపురము చేసెను. 1963 మేలో వచ్చిన మరియొకడు తెల్లని ముసుగు ధరించి డిస్ట్రాయర్ అను పేరున పోరెడువాడు. వాని ముసుగు వెనుకనున్నది కళాశాలలో చదువుకొన్న రిచర్డ్ బేయర్. వీరి పోరును నూటికి 64 మంది చూచిరి.

ఇంతటి కీర్తిలో రికిడోజాన్ సుఖపడెనా యనిన, పడలేదనియే తోచును. భవనములు కట్టెను, షిబుయాలో క్రీడామందిరము నిర్మించెను, శిష్యులను చేర్చెను. కాని పానమునకు లోనయ్యెను. కోపము వచ్చినచో శిష్యులను కొట్టెడివాడు. బాబా, ఇనోకి అను శిష్యులిద్దరును 1960 సెప్టెంబరు 30న ఒక్కనాడే గోదా ఎక్కి తరువాత మిక్కిలి ప్రసిద్ధులైరి; గురువు చేతి దెబ్బలు తినినవారిలో ఇనోకి ఒకడు. ఇవి పిల్లలు చదువు పత్రికలో వ్రాయవచ్చునా యని కొందరు తలిదండ్రులు అడుగుదురేమో. వీరుని చరిత్రయనగా వాని వేషము యొక్క చరిత్ర మాత్రమే కారాదని నా సమాధానము.

వానిని లోలోపల తినుచుండినది మరియొకటి. 1945 తరువాత కొరియా రెండుగా చీలెను. కన్నవారి ఊరు ఉత్తరమున చిక్కుకొనెను. జపాను బాలురు మొమోటా మిత్సుహిరోను తమ రక్తమని నమ్మి వాని బొమ్మలను పుస్తకములలో దాచుకొనుచుండగా, కిమ్ సిన్‌రాక్ అను పేరు పలుకుట యెట్లు? పలికినచో గోదాలో పదేండ్లుగా నడచిన కథ యేమగును? 1963 జనవరిలో దక్షిణ కొరియాకు ఒక్కసారి పోయి వచ్చెను. అచట ఘనముగా ఆదరించిరి. జపాను పత్రికలు చాలవరకు మౌనము వహించినవి.

ఆ సంవత్సరము జూనులో వివాహము చేసికొనెను. డిసెంబరు 8వ తేదీ రాత్రి టోకియోలోని ఒక విలాసశాలలో దుండగుల ముఠాకు చెందిన ఒకనితో మాటామాటా పెరిగి, వాని కత్తిపోటు కడుపున తగిలెను. గాయము చిన్నదిగానే తోచెను. కాని పేగునకు కలిగిన గాయము విషమించి, శస్త్రచికిత్సలు చేసినను ఫలింపక, డిసెంబరు 15వ తేదీన మరణించెను. వయస్సు 39 సంవత్సరములు. మరణించిన పెక్కేండ్లకు గాని వాని జన్మవృత్తాంతము జపాను సామాన్యజనులకు స్పష్టముగా తెలియలేదు. నేడు ఉత్తర కొరియావారు తమ జాతివీరుడని వానిని కీర్తింతురు. దక్షిణ కొరియాలో 2004లో వాని జీవితముపై చలనచిత్రము తీసిరి. టోకియోలోని ఇకెగామి దేవళపు శ్మశానమున చేతులు కట్టుకొనియున్న వాని కంచు విగ్రహము కలదు.

ముసుగు ధరించిన బేయర్ 1973లో టోకియోకు వచ్చి నివసించి, జపాను మల్లుల పక్షమున పోరాడి, టెలివిజనులో హాస్యము చెప్పి, ఆ దేశపు పిల్లలకు చెలికాడయ్యెను. 2017లో జపాను ప్రభుత్వము వానిని ఉదయభాను బిరుదముతో గౌరవించెను. 2019లో అతడు మరణించెను.

ఇంక కిమ్ ఇల్ అను శిష్యుని గూర్చి చెప్పవలసియున్నది. ఇతడు దక్షిణ కొరియావాడు. రికిడోజాన్ కీర్తి విని 1958లో అనుమతి లేకయే సముద్రము దాటి జపాను చేరి నిర్బంధింపబడగా, రికిడోజాన్ విడిపించి విద్య నేర్పెను. గురువు మరణానంతరము 1965లో స్వదేశమునకు తిరిగిపోయెను. అచట వాని తలపోటు దెబ్బను చూచుటకై టెలివిజనుగల అంగళ్ల ముందు బాలురు గుంపులుగా కూడుచుండిరి. సియోలు నగరపు ఆ గోదాలో ప్రతినాయకుని వేషము జపాను మల్లులది.